మెత్తటి చోటు

ఇంజనీరమ్మకు,

మీ నాన్న నిన్ను పిలిచే పేరుతోనే మొదలుపెడుతున్నాను, ఏమీ అనుకోకు. సొరంగం దగ్గర ఫోను అందదని, అందినా రాళ్లు పేల్చే మోతలో మాట వినబడదని ఆయన చెప్పారు. ఒకందుకు అదే మంచిది. ఫోనులో అయితే నువ్వు మర్యాదగా "సరే పిన్నీ, ఉంటాను" అంటావు, నేను సగంలో ఆగిపోవాల్సి వస్తుంది. ఉత్తరంలో నన్ను ఆపేవాళ్లు లేరు.

సంగతి దొరసాని గురించి. కంగారుపడకు, క్షేమంగానే ఉంది. ఇప్పుడు కూడా కిటికీ కింద ఎండపడే చోట పడుకుని, నేను ఎవరికి ఏం ఫిర్యాదు రాస్తున్నానో తెలిసినట్టు ఒక కన్ను తెరిచి చూసి మళ్లీ మూసుకుంది. పదిహేడేళ్ల పిల్లికి ఆ మాత్రం పెద్దరికం ఉంటుంది. కాని ఈ మధ్య అది ఇల్లు పాడుచేస్తోంది. ఇసుక ట్రేలో కాకుండా ఎక్కడపడితే అక్కడ తడుపుతోంది. ఎక్కడపడితే అక్కడ అంటున్నాను గాని, అది కూడా సరైన మాట కాదు. నా వస్తువుల మీద తడుపుతోంది.

మొదట ముందుగదిలో నేల మీద వేసుకుని కూర్చోవడానికి నేను కుట్టిన పెద్ద దిండు. పొరపాటు అనుకున్నాను. తర్వాత స్నానాల గది ముందు నేను పరిచిన కాళ్లు తుడుచుకునే పట్టా. ముసలితనం అనుకున్నాను. ఆ తర్వాత పళ్ల డాక్టరు గారి క్లినిక్ కోసం కుట్టిన పరదాలు, చివరి కుట్టు ఇంట్లో వేద్దామని షాపు నుంచి బుట్టలో తెచ్చుకున్నవి, ఆ బుట్టలోకి దిగి మరీ తడిపింది. పరదాలు, సోఫా కవర్లు కుట్టి బతికే మనిషిని, గుడ్డకి ఏ మరక ఎలా పోతుందో నాకు తెలుసు. ఇది పోయే మరక కాదు. పళ్ల డాక్టరు అందరి నోళ్లలోకీ తొంగి చూస్తాడు కాబట్టి ముక్కు పనిచేయదని అనుకోవడానికి లేదు కదా. కొత్త గుడ్డ కోసి మొదటినుంచీ కుట్టి ఇచ్చాను.

నాకు పని కొత్త కాదు, కడగడం కొత్త కాదు. బాధపెట్టింది అది కాదు.

పోయిన వారం మీ మేనత్త వచ్చింది. పక్క వీధే కదా, తలుపు తీసి ఉంటే చాలు ఆవిడకి పిలుపు అందినట్టే. కూర్చోబోతూ దిండు తడిగా ఉండటం చూసింది. వాసన చూసింది. నా వైపు చూసింది. "చూడమ్మా, దానికి నోరు లేదు గాని మనసు లేదంటావా? ఈ ఇల్లు ఎవరిదో, ఎవరొచ్చి కూర్చున్నారో దానికి తెలీదా? అంత ఇంట్లో నీ వస్తువులే ఏరుకుని తడుపుతోందంటే ఏమిటర్థం? దాని యజమానురాలు పోయింది. దాని బాధ అది చెప్పుకుంటోంది" అంది. మీ నాన్న టీ కప్పులు పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉన్నారు. కప్పులు బల్ల మీద పెట్టి, గుడ్డ తెచ్చి నేల తుడవడం మొదలుపెట్టారు.

పిల్లి శాపాలకు ఉట్లు తెగవంటారు. మీ మేనత్త మాటకు మాత్రం నా లోపల ఎక్కడో ఒక కుట్టు తెగింది. షాపున్న భవనంలో లిఫ్టు బాగుచేయడానికి వచ్చిపోయే మనిషిని, ఈ వయసులో, అందరూ నవ్వుతుంటే పెళ్లి చేసుకున్నాను. ఎవరి స్థానంలోకో వస్తున్నానని తెలియక రాలేదు. నీ ముందు కూడా ఆ మాట దాచలేదు. అయినా ఒక ముసలి పిల్లి సాక్ష్యం చెబుతుంటే, ఇంటాయన కిందకి చూస్తూ నేల తుడుస్తుంటే, ఒక్క నిమిషం నా ఇంట్లో నేను చుట్టపుచూపుగా నిలబడ్డట్టు అనిపించింది.

మొన్న సాయంత్రం మీ నాన్న పనిముట్ల సంచీ సర్దుకుంటూ, నా వైపు చూడకుండా అన్నారు: "గోడౌను వాచ్‌మన్ పిల్లి కావాలంటున్నాడు. ఎలుకలు ఎక్కువయ్యాయట. ఆదివారం ఇచ్చేసి వస్తా."

"ఆ పిల్లికి పళ్లు సగం లేవు. ఎలుకలు దాని పక్కన పడుకుని నిద్రపోతాయి" అన్నాను.

"నీకు ఇబ్బందిగా ఉంది కదా."

"ఇబ్బందిగానే ఉంది. అబద్ధమెందుకు? కాని నా పేరు చెప్పి దాన్ని గడప దాటిస్తే మాత్రం ఊరుకోను. అది ఆవిడ పిల్లి. ఆవిడ పోయాక ఆవిడ పిల్లిని కూడా వెళ్లగొట్టిందన్న పేరుతో నేను ఈ ఇంట్లో బతకను. ముందు డాక్టరుకి చూపిద్దాం."

ఆయన స్క్రూడ్రైవరు చేతిలో అటూ ఇటూ తిప్పి, "ఊఁ" అన్నారు. ఆ "ఊఁ"లో ఏముందో నాకు అంతుపట్టలేదు. ఆయన "ఊఁ"లకి అర్థాలు చెప్పే పుస్తకం ఏదైనా ఉంటే నువ్వే రాసి ఉండాలి.

కాబట్టి ఈ శనివారం దొరసానిని పశువుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్తున్నాను. అది మీ అమ్మది గనుక నీకు తెలియాలి. అనుమతి అడగడం లేదు, తెలియజేస్తున్నాను. దాని గురించి నీకు గుర్తున్న సంగతులేమైనా ఉంటే రాయి. అక్కడి దుమ్ములో గొంతు జాగ్రత్త.

ప్రేమతో,
పిన్ని


ఇంజనీరమ్మకు మళ్లీ నేనే,

నీ జవాబు రాలేదు. కోపమో, పనో తెలియదు. పనే అనుకుంటున్నాను, ఎందుకంటే కోపం వస్తే నువ్వు వెంటనే చెప్పే రకమని మీ నాన్న అంటారు.

డాక్టరు దగ్గరికి వెళ్లొచ్చాం. "వెళ్లొచ్చాను" అని రాద్దామనుకున్నాను గాని, మీ నాన్న సెలవు పెట్టి మరీ వచ్చారు. దొరసానిని నా బట్టల బుట్టలో పెట్టి పైన మూత కట్టాం. బస్సులో అంతసేపూ ఆ బుట్ట ఆయన ఒళ్లోనే. మూత సందులోంచి ఒక చేయి లోపలికి పెట్టి కూర్చున్నారు. నేను కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాను.

డాక్టరమ్మ కళ్లద్దాలు నెత్తి మీదికి నెట్టుకుని మాట్లాడే మనిషి. పిల్లిని చూడకముందే ఇంటి సంగతి అడిగింది.

"ఇసుక ట్రే ఎక్కడ పెడతారు?"

"పైన. మేడ మీది బాత్రూంలో" అన్నారు మీ నాన్న.

"మొదటినుంచీ అక్కడేనా?"

ఆయన గొంతు సవరించుకున్నారు. "కాదు. ముందు వరండాలో ఉండేది. పెళ్లయ్యాక పైకి మార్చాను. ఈవిడకి వాసన తగలకూడదని."

నేను ఆయన వైపు తిరిగి చూశాను. ఆ ట్రే ఎప్పుడూ మేడమీదే ఉండేదనుకున్నాను. డాక్టరమ్మ దొరసాని వెనక కాళ్లు పట్టుకుని మెల్లగా చాపింది. అప్పటిదాకా నోరెత్తని పిల్లి ఒక్కసారిగా బుస్సుమంది. ఎక్స్‌రే తీశారు, రక్తం తీసుకున్నారు, మూత్రం కూడా పరీక్షకి పంపారు.

"కీళ్లు బాగా అరిగిపోయాయి" అంది ఎక్స్‌రేని వెలుతురుకి పట్టి. "మెట్లెక్కడం దీనికి నరకం. ఎక్కాక ఆ ట్రే అంచు దాటడం ఇంకో నరకం. అక్కడికెళ్తే నొప్పి పుడుతుందని దానికి మనసులో పడిపోయింది. అందుకని కిందే ఎక్కడో పని కానిచ్చేస్తోంది."

నేను అడగదలచుకున్నది ఊరుకుంటే ఊరుకునేది కాదు. "మరి నా వస్తువుల మీదే ఎందుకండీ?"

"మీవంటే?"

"నా దిండు, నా పట్టా, నేను కుట్టిన పరదాలు."

"మీ ఇంట్లో మెత్తగా, నేలకి దగ్గరగా ఉండేవి ఇంకేమున్నాయి?"

నేను ఆలోచించాను. నేను రాకముందు ఆ ఇల్లు ఎలా ఉండేదో నీకు తెలుసు. బండల నేల, ఇనుప కుర్చీలు, చెక్క బల్ల, కిటికీలకి ఊచలు. మెత్తన అంటూ వచ్చిందంతా నా కూడా వచ్చిందే. నేనే కుట్టి పరిచాను.

డాక్టరమ్మ నా ముఖం చూసి నవ్వింది. "పిల్లులకి పగలు తీర్చుకునే తీరిక ఉండదమ్మా. నొప్పి లేని చోటు వెతుక్కుంటాయి. ఇసుకలాగే కాలి కింద మెత్తగా తగిలింది, అంచు దాటక్కర్లేదు. అంతే."

అదీ సంగతి. మీ మేనత్త పెట్టిన కోర్టు అక్కడికక్కడే ఎత్తేశారు.

పరీక్షల్లో కిడ్నీలు కొంచెం దెబ్బతిన్నాయని తేలింది. అందుకే నీళ్లు ఎక్కువ తాగుతోంది, ఎక్కువ పోస్తోంది. ఈ వయసుకి అది మామూలేనట, తిండి మార్చి, నొప్పికి మందు వాడితే హాయిగా ఉంటుందట. ట్రే కిందికి దించమంది. ఒకటి కాదు, రెండు పెట్టమంది, ఒకటి అది పడుకునే చోటికి దగ్గరగా. అంచు ఒక పక్క బాగా కిందికి కోయమంది. నేను ఫినాయిలుతో కడుగుతున్నానంటే తల పట్టుకుంది. అది పిల్లికి మంచిది కాదు, పైగా మనిషి ముక్కుకి పోయినట్టుండే వాసన దాని ముక్కుకి అలాగే ఉంటుందట. మరకని అడుగంటా విరిచే మందునీళ్లేవో రాసిచ్చింది. తిట్టొద్దు, దగ్గరికి లాక్కెళ్లి చూపించొద్దు అని కూడా చెప్పింది. నేను తిట్టలేదని చెప్పాను. తిట్టలేదు గాని దానితో ఒకటి రెండుసార్లు వాదన పెట్టుకున్న మాట వాస్తవం.

రాగానే మీ నాన్న ట్రే కిందికి దించారు. బాగానే సాగుతుండగా నేను తెలివి ఉపయోగించి మల్లెపూల వాసన వేసే ఇసుక కొనుక్కొచ్చాను. దొరసాని దాన్ని వాసన చూసి, పక్కన నేల మీద కూర్చుని, నా కళ్లల్లోకి చూస్తూ పని ముగించింది. పాత ఇసుక తెచ్చి పోశాను. ఇప్పుడు సర్దుకుంది. నిన్న మొన్నటినుంచి వెనక కాళ్లు చాపి ఒళ్లు విరుచుకుంటోంది కూడా.

మీ మేనత్త వస్తే చెప్పాను: "వదినగారూ, దొరసానికి నా మీద కోపం లేదట. మోకాళ్ల నొప్పులట."

"నాకూ ఉన్నాయి మోకాళ్ల నొప్పులు. నేనేమన్నా మీ దిండ్ల మీద..." అని మధ్యలో ఆగిపోయి, టీలో చక్కెర తక్కువైందంది.

నవ్వించాను కదా. ఇప్పుడు నవ్వు రాని సంగతి.

రోజూ పొద్దున్నే మీ నాన్న వరండాలో దొరసాని పక్కన కూర్చుంటారు. ట్రే శుభ్రం చేస్తారు, దాని నోట్లో మందు చుక్క వేస్తారు, ఆ తర్వాత దానితో మాట్లాడతారు. చిన్న గొంతుతో, ఆపకుండా. వంటింట్లో పాలు పొంగకుండా చూస్తూ నిలబడతాను, మాటలు వినబడవు, ఆ గొంతు మాత్రం వినబడుతూనే ఉంటుంది. నాతో రోజంతా కలిపి అన్ని మాటలు మాట్లాడరు. "తిన్నావా", "తలుపు వేశావా", "ఊఁ". నేను వరండాలోకి అడుగుపెడితే ఆ గొంతు ఆగిపోతుంది. లేచి చేతులు కడుక్కోవడానికి వెళ్లిపోతారు.

ఆ మాటలు పిల్లితో కావు. పిల్లిని అడ్డం పెట్టుకుని మీ అమ్మతో. అది నాకు పెళ్లైన కొత్తలోనే అర్థమైంది. తప్పు పట్టడం లేదు. అన్నేళ్ల కాపురం, ఎవరితో చెప్పుకుంటారు పాపం. దొరసాని నా మీద కక్ష కట్టలేదని తెలిశాక నా మనసు తేలికపడాలి. పడలేదు. ఎందుకంటే నన్ను బయట నిలబెట్టింది పిల్లి కాదని ఇప్పుడు ఇంకా బాగా తెలిసింది.

నేను ఏడ్చే మనిషిని కాదు, ఎవరితోనూ పోటీపడే మనిషిని అంతకన్నా కాదు. పోయినవాళ్లతో పోటీ ఏమిటి, వాళ్లు తప్పులు చేయరు, ఎప్పుడూ గెలుస్తూనే ఉంటారు. కాని రోజూ వంటింట్లో నిలబడి, ఇంకొకరి కోసం మాట్లాడే గొంతు వినడం నావల్ల కాదు. షాపు పైన ఒక గది ఖాళీగా ఉంది. చూసొచ్చాను. గాలీ వెలుతురూ బాగున్నాయి, కిటికీలు కొలిచాను కూడా. దొరసాని మందులు, తిండి మీ నాన్నకి బాగా అలవాటయ్యాక, నెలాఖరుకి అక్కడికి మారతాను. దెబ్బలాట కాదు, విడాకులూ కాదు. కొన్నాళ్లు దూరంగా ఉండి చూద్దామని. ఆయనకి ఇంకా చెప్పలేదు. మీ మేనత్త నోటినుంచి నువ్వు వినకూడదని ముందు నీకు రాస్తున్నాను.

పిల్లి మాత్రం బాగుంది. ఆ విషయంలో నిశ్చింతగా ఉండు.

పిన్ని


పిన్నీ,

మీ రెండు ఉత్తరాలూ ఇవాళే, ఒకేసారి అందాయి. కొండచరియ విరిగిపడి దారి మూసుకుపోయింది, టపా అంతా కింద క్యాంపులోనే ఉండిపోయింది. జీపు డ్రైవరు ఇప్పుడే బయల్దేరుతున్నాడు, ఇంజను వేసి హారన్ కొడుతున్నాడు కూడా. అందుకని అటూ ఇటూ తిప్పకుండా రాస్తున్నాను.

షాపు పైన గదికి పరదాలు కుట్టకండి.

దొరసాని మా అమ్మ పిల్లి కాదు. మా అమ్మకి పిల్లులంటే ఒళ్లు మంట. అది నాన్న పిల్లి.

నేను స్కూల్లో ఉండగా ఏదో ఆఫీసు భవనంలో లిఫ్టు కింది గుంతలోంచి దాన్ని తీసుకొచ్చాడు. ఒళ్లంతా గ్రీజు, అన్నం డబ్బాల సంచిలో వేసుకుని వచ్చాడు. "అదైనా ఉండాలి, నేనైనా ఉండాలి" అంది అమ్మ. ఇద్దరూ ఉన్నారు. ఒకే ఇంట్లో అద్దెకున్న ఇద్దరు గిట్టనివాళ్లలా ఉన్నారు. "దొరసానిగారికి ఇంకా తెల్లారలేదా" అని అమ్మ దెప్పేది, ఆ పేరే స్థిరపడింది.

అమ్మ పోయాక ఇల్లు చూసుకోవడానికి అత్తయ్య వచ్చింది. వచ్చిన వారానికే పిల్లిని వదిలేసి రమ్మంది. ఇంటికి మంచిది కాదంది, బట్టలనిండా వెంట్రుకలంది. నాన్న సంగతి మీకు తెలుసు కదా, నాకిది కావాలి అని నోరు తెరిచి అడగడం ఆయనకి రాదు. కాసేపు నిలబడి నిలబడి, "అది నీ మరదలి పిల్లి అక్కా. చివర్లో జాగ్రత్తగా చూసుకోమని చెప్పింది" అన్నాడు. అత్తయ్య ఘొల్లుమంది. పిల్లిని ఒళ్లోకి తీసుకుని ఏడ్చింది. నాన్న తేలు కుట్టిన దొంగలా నా వైపు చూశాడు. నేను ఏమీ అనలేదు. నాన్న అబద్ధం ఆడగా నేను చూసింది అదొక్కసారే, అదీ ఒక పిల్లి కోసం. ఆ తర్వాత అత్తయ్య ఆ కథని వీధంతా పంచింది. మీరు వచ్చేసరికి అది గోడ మీద అమ్మ ఫోటో అంత నిజమైపోయింది. వెనక్కి తీసుకోవడానికి ఆయనకి దారి లేదు.

ఇక పొద్దుటి మాటల సంగతి. అవి నేను చిన్నప్పటినుంచీ విన్నాను. ఏ భవనంలో లిఫ్టు ఎందుకు ఆగింది, తలుపు ఎందుకు మూసుకోలేదు, తాడు ఎక్కడ అరిగింది. అమ్మ "ఆ గోల నాకెందుకు" అనేది. నేను హోంవర్కు ఉందని పారిపోయేదాన్ని. పిల్లి ఒక్కటే కూర్చుని వినేది. అంతకన్నా అందులో రహస్యం లేదు.

కాదు, ఒకటుంది. పోయినసారి సెలవుల్లో వచ్చినప్పుడు నేను వరండా తలుపు పక్కనే పడుకున్నాను. లిఫ్టులన్నీ అయిపోయాక ఆయన మీ గురించి చెబుతున్నాడు దానికి. "నిన్న పెద్ద ఆర్డరు ముగించింది. వేళ్లు వాచిపోయాయి, చెప్పదు. టీ పెట్టి ఇద్దామనుకున్నా గాని, నేను పెడితే తాగుతుందో లేదో." నిజం చెప్పాలంటే, అందులో అమ్మ మాట ఒక్కటీ లేనందుకు ఆ రోజు నాకు మనసు చివుక్కుమంది. అందుకే మీకు ఇన్నాళ్లూ చెప్పలేదేమో కూడా. ఇప్పుడు చెప్పకపోతే తప్పు.

అలాంటి మనిషి ఆ పిల్లిని గోడౌను వాచ్‌మన్‌కి ఇచ్చేస్తానన్నాడంటే, మీ కోసం ఏం వదులుకోవడానికి సిద్ధపడ్డాడో మీరే చూసుకోండి. దాన్ని ఆపింది మీరు. అదీ మా అమ్మ మీద గౌరవంతో. అమ్మ ఉంటే మీకు చేతులెత్తి దండం పెట్టి, పిల్లిని మాత్రం పంపించెయ్యమనేది.

డ్రైవరు అరుస్తున్నాడు. ఉంటాను.

మీ ఇంజనీరమ్మ


ఇంజనీరమ్మకు,

నీ ఉత్తరం షాపులో అందింది. బేరం చేస్తున్న ఒకావిడని ఎదురుగా కూర్చోబెట్టుకుని చదివాను. ఆవిడ "ఏమైనా చెడు కబురా" అంది. "కాదండీ, ఆ రంగు మీ గదికి బాగుంటుంది, తీసుకోండి" అన్నాను. ఏ రంగో నాకు గుర్తులేదు.

ఇంటికి వెళ్లేసరికి మీ నాన్న వరండాలో రెండో ట్రే అంచు కోసి, ఆకురాయితో నున్నగా రుద్దుతున్నారు. లోపలికి దిగేటప్పుడు దాని పొట్టకి గీరుకోకూడదట. దొరసాని పక్కనే కూర్చుని పని సరిగ్గా జరుగుతోందో లేదో చూస్తోంది. నేను చెప్పులు విడిచి, నా దిండొకటి తెచ్చుకుని ఆయన ఎదురుగా కూర్చున్నాను.

"మీ అమ్మాయి ఉత్తరం రాసింది."

"ఊఁ. బాగుందా?"

"బాగుంది. దొరసాని ఎవరిదండీ?"

ఆకురాయి ఆగింది. "చెప్పేసిందా" అన్నారు.

"మీరెందుకు చెప్పలేదు?"

"చెబుదామనే అనుకున్నా. నువ్వేమో ఆమె పిల్లి అని దాన్ని అంత మర్యాదగా చూస్తున్నావు. తీరా నాది అంటే ఏమంటావోనని."

"ఏమంటాను?"

"ఏముంది. మగవాడు, ఇంత వయసొచ్చింది, పిల్లి ఏమిటి అని."

నాకు నవ్వు రాలేదు. గది సంగతి దాచడం న్యాయం కాదనిపించింది. "నేను షాపు పైన గది చూసుకున్నాను. నెలాఖరుకి మారదామని" అన్నాను. ఆయన ట్రేని మెల్లగా కింద పెట్టారు.

"పిల్లి వల్లా?"

"కాదు. మీరు దానితో మాట్లాడినట్టు నాతో మాట్లాడరు. ఆ మాటలు ఆవిడ కోసమనుకున్నాను."

ఆయనకి ఆ మాట అర్థం చేసుకోవడానికి చాలాసేపు పట్టింది. అర్థమయ్యాక చేతులు ప్యాంటుకి తుడుచుకుని, ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక, లిఫ్టు గుంత దగ్గర మొదలుపెట్టారు. ఆ భవనం ఎన్ని అంతస్తులో, ఆ రోజు కరెంటు ఎందుకు పోయిందో చెప్పారు. కింద చీకట్లో ఏదో ఏడుస్తుంటే బేరింగు శబ్దమనుకుని నూనె పోశారట. నూనె పోసిన కొద్దీ ఇంకా గట్టిగా ఏడ్చిందట. ఆ నూనే దాని ఒంటి మీద పడింది. "బేరింగు అయితే ఆగాలి కదా" అన్నారు నాతో, ఇప్పటికీ ఆ లెక్క తేలనట్టు. పెళ్లయ్యాక ఆయన నోటినుంచి అన్ని మాటలు వరసగా వినడం అదే మొదలు. వీధి దీపాలు వెలిగాయి. మేం వరండాలోనే ఉన్నాం.

ఆయన చెప్పడం అయ్యాక నేను ఒకటే చెప్పాను. "ఇకమీదట మీకేం కావాలన్నా, నాకు కావాలి అని మీ నోటితో అడగండి. పోయిన మనిషి పేరు మీద అడగొద్దు. పిల్లంటే గిట్టని మనిషి నెత్తిన పిల్లిని పెట్టారు. ఆవిడకి ఎంత అన్యాయం."

దానికి నవ్వారు. మీ నాన్న పళ్లు కనబడేలా నవ్వితే ఇలా ఉంటారా అనుకున్నాను. తర్వాత, చెడిపోయిన లిఫ్టుని ముట్టుకునేముందు చుట్టూ తిరిగి చూస్తారే, అలా కాసేపు ఆలోచించారు.

"అయితే ఒకటి అడగనా?"

"అడగండి."

"సాయంత్రాలు షాపు కాస్త ముందే కట్టేసి రావాలి నువ్వు."

"ఎందుకు?"

"ఊరికే. నువ్వు ఇంట్లో ఉంటే నాకు బాగుంటుంది."

గది తాళం మర్నాడే వెనక్కి ఇచ్చేశాను.

మీ మేనత్తకి మాత్రం ఈ కథలో నిజం చెప్పలేదు, చెప్పం కూడా. దొరసానిని ఒళ్లో పెట్టుకుని మీ అమ్మని తలుచుకుని ఆవిడ కళ్లు తుడుచుకుంటుంది, దొరసాని ఓర్చుకుంటుంది. ఆ ఇద్దరికీ లేని ఇబ్బంది మనకెందుకు. పిల్లి ఆరోగ్యం సంగతి కూడా ఉన్నదున్నట్టు రాస్తాను: కిడ్నీలు మళ్లీ బాగయ్యేవి కావు, జాగ్రత్తగా చూసుకుంటే ఇంకొన్నాళ్లు హాయిగా ఉంటుందని డాక్టరమ్మ అంది. అప్పుడప్పుడూ ఇంకా తప్పుతుంది. తుడుస్తాం. ఈసారి తుడిచేది ఇద్దరం కాబట్టి పని తొందరగా అయిపోతోంది.

పొద్దుటి కబుర్లకి ఇప్పుడు నాకూ చోటుంది. ఏదో హోటల్లో లిఫ్టుకి బరువు తూగడం లేదని మూడు రోజులనుంచి చెబుతున్నారు. సగం అర్థం కావడం లేదు. పైకి వెళ్లేదానికి ఇంకో బరువు కిందికి ఎందుకు దిగాలో నువ్వు వచ్చినప్పుడు కాగితం మీద గీసి చూపించు, మళ్లీ ఆయన్నే అడగడానికి మొహమాటంగా ఉంది. దొరసానికి అన్నీ అర్థమైనట్టే తల ఊపుతోంది.

ఇంకా రాయాల్సింది చాలా ఉంది గాని, వెలుతురుండగానే షట్టరు దించాలి. ఇంటి దగ్గర ఆయన టీ పెట్టి ఉంటారు.

ప్రేమతో,
పిన్ని